గాలి రుచి చూసే నోంగ్ పానియో

పులుసు రుచి చూసేవాళ్లుంటారు, కల్లు రుచి చూసేవాళ్లుంటారు. నోంగ్ పానియో గాలి రుచి చూసేవాడు. అదేదో సరదాకి కాదు. ఎస్తాన్సియా రేవులో లంగరేసిన పడవ అడుగున గుల్లలు గీకడానికి, ఆయన దగ్గర పనిచేసే మెర్లిటో నీళ్లలోకి దిగాలంటే, ముందు నోంగ్ పానియో పడవ చెక్కల మీద వెల్లకిలా పడుకోవాలి. గాలి గొట్టం నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నిదానంగా పీల్చి, తమలపాకు నములుతున్నట్టు దవడలాడించి, ఆ తర్వాత తీర్పు చెప్పాలి. ఆ తీర్పు వచ్చేలోపు పడవ అడుగున ఇంకో వరస గుల్లలు మొలుస్తాయని రేవంతా చెప్పుకునేది.

అక్కడి మాటలో నోంగ్ అంటే అన్నగారు, తోతో అంటే అబ్బాయి. తల్లిదండ్రులు పెట్టిన ఎపిఫానియో అనే పేరు, ఆయన మీద ఎవరికైనా కోపం వచ్చినప్పుడే వినపడేది. వయసులో ఆయనకన్నా పెద్దవాళ్లు కూడా నోంగ్ అనే పిలిచేవారు. ఆ పనిలో ఉండి నెత్తి నెరిసేదాకా బతికినవాణ్ణి ఏదో ఒకటి మర్యాదగా పిలవాలి కదా మరి.

గాలి తయారుచేసే యంత్రం కూడా ఆయన సొంత సృష్టే. పంక్చర్ల షాపు మూతపడ్డప్పుడు తెచ్చిన కంప్రెసర్, పొలానికి నీళ్లు తోడిన పాత ఇంజను, రెండింటికీ మధ్య ఒక బెల్టు. గాలి నిలవ ఉండటానికి ఖాళీ బీరు పీపా. పీపా నుంచి మొక్కలకి నీళ్లు పట్టే పచ్చ గొట్టం. దాని చివర ఏమీ ఉండదు, పళ్లతో కరిచిపట్టుకుని పీల్చుకోవడమే. కంప్రెసర్ గాలి లాక్కునే మూతిని మాత్రం ఆయన ఒక పొడుగాటి వెదురు బొంగు కొసకి ఎక్కించి, ఇంజను పొగకి దూరంగా నిలబెట్టేవాడు.

రేవులో ఇలాంటి యంత్రాలు ఇంకా ఉన్నాయి, వాటి మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. ఆ గాలి పీలుస్తూ అడుగు నుంచి ఒక్కసారిగా పైకి తన్నుకొస్తే కాళ్లు పడిపోతాయి. కర్ర పట్టుకుని కాలీడ్చుకుంటూ వచ్చేవాణ్ణి చూసి అక్కడ ఎవరూ "ఏమైంది?" అని అడగరు. "ఏ పడవ కింద?" అని అడుగుతారు.

ఈ చావు బతుకుల మధ్య నోంగ్ పానియో రుచులు చూసేవాడు.

"ఎలా ఉంది నోంగ్?" ముఖానికి అద్దం తగిలించుకుని, గీకుడు రేకు పట్టుకుని అడిగేవాడు మెర్లిటో.

"నిన్నటిది."

"గాలికి నిన్నా ఇవాళా ఏంటి నోంగ్?"

"రాత్రంతా పీపాలో ఉంది కదరా తోతో. చద్దిగాలి. నీకు పొద్దున్నే చద్దిగాలి పెడితే మీ ఆవిడ నన్ను తిట్టదూ? వదిలెయ్, కొత్తది నింపుదాం."

పీపా ఖాళీ అయ్యేది, మళ్లీ నిండేది. ఆయన మళ్లీ పడుకునేవాడు.

"ఇప్పుడు?"

"ఎవరో ఉల్లిపాయ కోశారు."

పక్క పడవలో వంటవాడు ఉలిక్కిపడి కత్తిపీట వెనక్కి దాచుకునేవాడు. వాడు కోసింది ఉల్లిపాయ కాదు, సొరకాయ. అయినా నోంగ్ పానియో ముఖం చూస్తే వాడికే అనుమానం వచ్చేది, తనే పొరపాటు పడ్డానేమోనని.

ఇక ఆయన చట్టాలకి అంతుండేది కాదు. గాలివాటున ఎవడూ సిగరెట్టు కాల్చకూడదు. పొయ్యి వెలిగించకూడదు. ఇంకో ఇంజను తిప్పకూడదు. చివరికి దోన్యా సాల్వా కూడా అక్కడ నిలబడకూడదు. మూడు వేట పడవల యజమానురాలు, ఊళ్లో చర్చి ఫాదర్ తర్వాత అందరూ లేచి నిలబడేది ఆవిడకే. "దోన్యా, అటు పక్కకి. మీ సెంటు ఇప్పుడే పీపాలోకి పోయింది," అనేవాడు. ఆవిడ మొహం కందగడ్డలా చేసుకుని అటు పక్కకి జరిగేది. ఆవిడ ఆ రోజు సెంటు పూసుకోలేదని పనిమనిషి తర్వాత చెప్పుకుని నవ్వేది.

అన్నిటికన్నా విడ్డూరం, రొయ్యల ముద్ద ఊరబెట్టిన జాడీలు రేవులో దొర్లి పగిలిన రోజు. ఊరు ఊరంతా ముక్కులు మూసుకుంది, కుక్కలు కూడా ఒడ్డు వదిలిపోయాయి. నోంగ్ పానియో గొట్టం నోట్లోంచి తీసి తృప్తిగా తలాడించి అన్నాడు: "ఆహా. ఇవాళ్టి గాలిని గుళ్లో పెట్టొచ్చు."

"నోంగ్, మీకు మనుషులు కుడి అంటే ఎడమ అనడం సరదా," అన్నాడు మెర్లిటో వాంతి ఆపుకుంటూ.

"రుచి తెలియని నోరురా నీది."

అవతలి రేవులో ఒకడు పడవ కిందే చనిపోయాడు. నీళ్లలోంచి లాగేసరికి మనిషి నిద్రపోతున్నట్టున్నాడట, ఒంటి మీద గీత కూడా లేదట. శవం దగ్గర ఆచారం ప్రకారం పేకాట, కాఫీ, బిస్కట్లు నడుస్తున్నాయి. నోంగ్ పానియో శవపేటిక దగ్గర శిలువ గుర్తు వేసుకుని, తిన్నగా ఆ చచ్చిపోయినవాడి యంత్రం దగ్గరికి వెళ్లి, ఇంజను తిప్పి, గొట్టం నోట్లో పెట్టుకుని పడుకున్నాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపాపి చూశారు.

"నోంగ్, ఆయన గాలి అయిపోయింది. ఇంకేం రుచి చూస్తారు?" అని ఎవరో అన్నారు.

చాలాసేపటికి లేచాడు. రెండడుగులేసి ఒడ్డు మీద కూలబడి కక్కుకున్నాడు. "బిస్కట్లు పాడైపోయినవి పెట్టారు," అని ఆ ఇంటివాళ్ల మీద నెపం వేశాడు. ఆయన బిస్కట్టు ముట్టుకోలేదని మెర్లిటో చూశాడు. చూసి కూడా ఏమీ అనుకోలేదు. ఆ యంత్రం పొగగొట్టాన్ని నోంగ్ పానియో ఎవరూ అడక్కుండానే విరగ్గొట్టి, ఇంకోవైపు తిప్పి అతికించి వచ్చాడు. పిచ్చిలో అదొక భాగం అనుకున్నారు.

మెర్లిటోకి మాత్రం ఆ పిచ్చి మోయలేని బరువైంది. రోజుకి రెండు పడవలు గీకాల్సినచోట ఒకటే అవుతోంది. అదే రేవులో ఇంకో యంత్రం నడిపే బాదోంగ్ మనుషులు ఇంజను తిప్పగానే గొట్టం కరుచుకుని దూకేస్తున్నారు. బాదోంగ్ దారిలో కనపడ్డప్పుడల్లా నవ్వేవాడు.

"ఏరా మెర్లిటో, ఇవాళ మీ ముసలాయన గాలిలో ఉప్పు సరిపోయిందా? మా దగ్గరికి వచ్చెయ్. మా దగ్గర వడ్డనే, రుచి చూడటాల్లేవు."

ఇంట్లో భార్య లిగాయా కూడా అదే పాట. "ఆయన మంచివాడే, కాదన్నదెవరు? మంచితనం పొయ్యి మీద పెట్టి ఉడికిస్తే పిల్లలు తింటారా?"

ఆ వారం దోన్యా సాల్వా పడవ మీదికే వచ్చి చెప్పేసింది. అమిహాన్ అనే ఈశాన్యపు గాలి తగ్గింది, పడవలన్నీ వేటకి కదులుతున్నాయి. ఆవిడ పెద్ద పడవ ఎస్ట్రెల్యా అడుగున మాత్రం గుల్లలు గడ్డంలా వేలాడుతున్నాయి. అలా వెళితే చేపల మీద వచ్చేదానికన్నా డీజిలుకే ఎక్కువ పోతుంది.

"ఎపిఫానియో, గాలి తింటావో తాగుతావో నాకనవసరం. రేపు సాయంత్రానికి అడుగు నున్నగా కాకపోతే మూడు పడవలూ బాదోంగ్ చేతిలో పెడతా."

"పెట్టండి దోన్యా. వాడి గాలిలో ఇంజను రుచి ఉంటుంది. అది ఇష్టమయ్యేవాళ్లూ ఉంటారు."

మెర్లిటోకి ఒళ్లు మండిపోయింది. ఆ మూడు పడవలే తమ రెండిళ్లలో పొయ్యి వెలిగించేవి. ఈయన దాన్ని కూడా జోకులో పారేశాడు. అప్పుడే తీర్మానించుకున్నాడు: ఎస్ట్రెల్యా పని అయిపోగానే బాదోంగ్ దగ్గరికి వెళ్లిపోవాలి. ఆ మాట ముసలాయనకి ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు. తనకి నీళ్లలో ఊపిరి పట్టడం నేర్పింది ఆయనే.

మర్నాడు పొద్దున్నుంచీ ముసురు. నోంగ్ పానియో ఇంజను తిప్పి, చద్దిగాలి వదిలేసి, కొత్త గాలి నింపి, చెక్కల మీద పడుకుని, టోపీ ముఖం మీదికి లాక్కుని, గొట్టం కరుచుకున్నాడు. వాన చినుకులు ఇంజను మీద పడి చుయ్యిమంటున్నాయి. ఇంజను దగ్గుతోంది.

మెర్లిటో ఇంజను కేసి చూశాడు. ఇంజను ఆగిందంటే దాన్ని ఆరబెట్టాలి, మళ్లీ తిప్పాలి, పీపా మళ్లీ నింపాలి, ఈయన మళ్లీ మొదట్నుంచీ రుచి చూడాలి. సాయంత్రం కాదు, ఆదివారం దాకా తేలదు. గబగబా పడవలో ఉన్న టార్పాలిన్ తెచ్చి ఇంజను మీద కప్పాడు. దాన్ని కట్టడానికి అక్కడ నిలువుగా ఉన్నది వెదురు బొంగొక్కటే. ఒక కొసని బొంగు పైన బిగించి కట్టాడు. గాలికి ఎగరకుండా మిగతా అంచుల మీద లంగరు తాడు పడేశాడు. ఇంజనుకి చక్కటి గుడిసె తయారైంది. ఇంజనూ, పొగా, గాలి లాక్కునే మూతీ అన్నీ ఆ గుడిసెలోనే చేరాయి. తడవకుండా చేశానని మెర్లిటో తృప్తిపడ్డాడు.

తర్వాత అద్దం తగిలించుకుని, పడవ అంచున కూర్చుని, ఎదురుచూశాడు.

"నోంగ్, అయిందా?"

గొట్టం నోట్లో ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ జవాబు చెప్పడు.

"ఇవాళ విందు భోజనం చేస్తున్నట్టున్నాడు," అన్నాడు ఎస్ట్రెల్యా వంటవాడు. తొంగిచూసి టోపీ ఎత్తాడు. "చూడు, మొహం ఎలా కళకళలాడుతోందో. పెళ్లికొడుకులా బుగ్గలు ఎర్రగా అయ్యాయి."

"నోంగ్, దోన్యా వస్తోంది. సెంటు పూసుకుని మరీ వస్తోంది."

ఆ మాటకి కూడా లేవలేదు. పడవలో అందరూ నవ్వారు. మెర్లిటో నవ్వలేదు. చాలా ఏళ్లుగా ఆ మొహం కేసి కోపంగా చూస్తూ కూర్చోవడం అతని ఉద్యోగంలో సగం. ఏదో తేడాగా ఉంది. అప్పుడు తెలిసింది. దవడలు ఆడటం లేదు. ముసలాయన నమలడం మానేశాడు.

మెర్లిటో ఒక్క దూకు దూకి గొట్టం లాగేశాడు. ఆయన తల పక్కకి వాలిపోయింది. "నోంగ్! నోంగ్!" అని చెంపల మీద కొట్టాడు. వంటవాడు టార్పాలిన్ లాగేసరికి లోపల గుడ్డలు కాల్చినట్టు నల్లటి పొగ గుప్పుమని లేచింది. ఆ పొగ మెర్లిటో తన కోసం తనే కట్టుకున్న పొగ. ముసలాయన ఇంకాస్త ముందే "సరే, దిగు" అని ఉంటే, తను పడవ అడుగున, చీకట్లో, నవ్వుతున్నట్టు నిద్రపోతూ ఉండేవాడు. లిగాయా కాఫీ కాచి, బిస్కట్లు పంచుతూ ఉండేది.

నలుగురూ కలిసి ఆయన్ని గాలి తగిలేచోటికి మోశారు. దోన్యా సాల్వా గొడుగు పారేసి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో ఉన్న జపమాలతోనే ఆయన ఛాతీ మీద గుద్దింది. "ఎపిఫానియో, నా పడవ మీద చచ్చావంటే చంపేస్తా!" అని అరిచింది. ఆ అరుపుకో, ఆ గుద్దుకో, ఆయన ఒక్కసారి ఎగశ్వాస తీసి ఆవిడ చీనా పట్టు గౌను మీద కక్కుకున్నాడు. రేవంతా చప్పట్లు కొట్టింది. మెర్లిటో చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇక ప్రాణభయం లేదన్నారు. నర్సు బయటికి వచ్చి, "ఇంజను పొగలో ఉండే విషం అది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఎవరికీ తెలీదు," అని చెప్పింది.

"ఆయనకి తెలుస్తుంది," అన్నాడు మెర్లిటో. "ఆయన గాలి రుచి చూస్తాడు. ముక్కు అంత గట్టిది. ఇవాళ ఎలా తప్పిందో..."

పక్కనే బెంచీ మీద ఆయన భార్య కోన్సింగ్, రేవందరికీ నాంగ్, అంటే అక్కగారు, కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. అయినా ఆ మాటకి ఫక్కుమంది.

"ముక్కా? ఏ ముక్కు? ఆ ముక్కు చచ్చి ఎన్నేళ్లైందో నీకు తెలుసా తోతో? పెళ్లైన కొత్తలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అమోనియా గొట్టం పగిలి ముఖం మీద కొట్టింది. అప్పట్నుంచీ ఆయనకి మల్లెపూవూ చేపల గంపా ఒకటే. ఇంట్లో అన్నం మాడితే నేను చెప్పాలి."

మెర్లిటో నర్సు కేసి, మళ్లీ ఆవిడ కేసి చూశాడు.

"మరి... ఉల్లిపాయ? చద్దిగాలి? దోన్యా సెంటు?"

"నోటికొచ్చింది వాగుతాడు. వాసన లేని విషానికి వాసన చూసేదేముంది? ముందు తను పీలుస్తాడు, అంతే. ఇంజను బాగా వేడెక్కేదాకా పీలుస్తూ పడుకుంటాడు. తలనొప్పి వస్తే ఆ గాలి పారబోసి, పొగ ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి సరిచేస్తాడు. రాకపోతే నిన్ను దింపుతాడు. తలనొప్పి మాత్రలు మా ఇంట్లో అన్నంతో పాటు పెట్టుకుంటాం."

"నాకెందుకు చెప్పలేదు నాంగ్?"

"ఏమని చెబుతాడు? 'ఇది విషమేమో, ముందు నేను చచ్చి చూపిస్తా, నువ్వు తర్వాత దిగు' అనా? అలా చెబితే నువ్వు దిగేవాడివా? దిగినా బెదురుతో గుటకలు మింగి, సగంలో పైకి తన్నుకొచ్చేవాడివి. అలా తన్నుకొచ్చిన వాళ్ల కాళ్లు ఏమయ్యాయో రేవులో చూడటం లేదూ? కోపంగా ఉన్నవాడికి భయం గుర్తురాదంటాడు ఆయన. అందుకే రోజూ నీకు కోపం తెప్పించి దింపేవాడు." చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది. "నిజం చెప్పాలంటే, కోపం తెప్పించడానికి ఆయనకేం శిక్షణ అక్కర్లేదు. నన్నడుగు."

మెర్లిటో గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లూ తను నీళ్లలోకి దిగిన ప్రతిసారీ ఆ ముసలాయన తనకన్నా ముందు ఒకసారి చావుకి ఎదురుగా పడుకున్నాడు. ఆ సేపంతా తను పళ్లు నూరుతూ కూర్చున్నాడు.

లోపలికి వెళ్లేసరికి నోంగ్ పానియో ముక్కు మీద ఆక్సిజన్ మూత పక్కకి జరుపుకుని గొణుగుతున్నాడు.

"ఇదేం గాలిరా తోతో! ఉప్పు లేదు, పులుపు లేదు. పథ్యం గాలి. దీన్ని మళ్లీ సీసాల్లో పెట్టి తాళం వేసి దాచుకుంటారట."

"నోంగ్, టార్పాలిన్ కప్పింది నేనే."

ముసలాయన మూతని ఇంకాస్త పక్కకి నెట్టాడు.

"అదా సంగతి! నేనూ అనుకుంటూనే ఉన్నా, ఈ గాలిలో టార్పాలిన్ కంపు కొడుతోందేంటీ అని. ముందే పసిగట్టాను. లేవడానికి బద్ధకించాను, అంతే. నీ తప్పేం లేదు. పోయి అడుగు గీకు, దోన్యా అరుస్తుంది."

మెర్లిటోకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బాదోంగ్ మాట చెప్పడానికి ఇంక నోరు రాలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

ఎస్ట్రెల్యా ఆ విడత గడ్డంతోనే వేటకి వెళ్లి, డీజిలు పీపాలు పీపాలు తాగి తిరిగొచ్చింది. పడవలు బాదోంగ్‌కి ఇస్తానన్న మాట దోన్యా సాల్వా మళ్లీ ఎత్తలేదు. "పట్టు గౌను పాడుచేశావు, ఆ బాకీ తీరేదాకా నువ్వే గీకాలి," అంది. నోంగ్ పానియో తేరుకుని వచ్చిన రోజు ఆవిడే అందరికన్నా ముందు గాలివాటు నుంచి తప్పుకుని, ముక్కు పైకెత్తి, అటు పక్క నిలబడింది.

నోంగ్ పానియో ఇంజను తిప్పాడు. పీపా నింపాడు. టోపీ తీసి పడుకోబోయేసరికి అక్కడ అప్పటికే మెర్లిటో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గొట్టం అతని చేతిలో ఉంది.

"లే రా అక్కణ్ణుంచి."

"లేవను. ఇవాళ్టి నుంచి ఒక రోజు మీరు, ఒక రోజు నేను."

"నీకేం తెలుసురా గాలి సంగతి? అన్నమూ గంజీ తేడా తెలియని నోరు నీది!"

"నేర్పండి మరి. తల పట్టేస్తే చెప్తాను. మీరక్కడ కూర్చుని నా దవడలు చూస్తూ ఉండండి."

ముసలాయన నిలబడిపోయాడు. కోన్సింగ్ నోరు జారిందని ఆయనకి అర్థమైంది. ఆయన గొణుక్కుంటూ పక్కన చతికిలబడ్డాడు. మెర్లిటో గొట్టం కరుచుకుని, కళ్లు మూసుకుని, దవడలాడిస్తూ పీల్చాడు. కాసేపయ్యాక గొట్టం తీసి, ముక్కుతో చుట్టూ ఉన్న గాలిని గట్టిగా ఎగబీల్చాడు.

"ఒడ్డున ఎవరో వెల్లుల్లి వేయిస్తున్నారు నోంగ్. మాడలేదు, సరిగ్గా ఎర్రబడింది."

మెర్లిటో తల ఇంకోవైపు తిప్పాడు.

"తడిసిన తాళ్లు. ఎండకి ఆరుతున్నాయి. పక్క పడవలో పనసపండు కోశారు, బాగా మగ్గింది. దోన్యా కొత్త సెంటు కొంది, మల్లెపూల సెంటు."

నోంగ్ పానియో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగాడు. ఆ కళ్లు చెమర్చాయి. పొగ తగిలిందేమో అనుకోవచ్చు, కానీ పొగ అవతలి వైపుకి పోతోంది.

"ఇంకా?" అన్నాడు.

"ఎండుచేపలు తిరగేస్తున్నారు."

"ఏ చేపలు?"

మెర్లిటో మళ్లీ ఎగబీల్చాడు. "నెత్తళ్లు అనుకుంటా."

"అనుకుంటా ఏంటిరా? సరిగ్గా చూసి చెప్పు."

అవతల దోన్యా సాల్వా గొడుగు చెక్కల మీద టకటకా కొడుతూ, ఈ పిచ్చి ఒకడికుంటే చాలదా, రెండోవాడికి కూడా అంటించావా ఎపిఫానియో అని కేకలు పెట్టింది. ముసలాయన ఆవిణ్ణి చేత్తోనే ఆగమని సైగ చేసి, మెర్లిటో పక్కకి ఇంకాస్త జరిగి కూర్చున్నాడు.